ఓడ దిగి పెనుకొండ బస్సెక్కినాము

ఓడ ప్రయాణం బాగుంటుందా, నేల మీద ప్రయాణం బాగుంటుందా అని మా హిందూపురంలో ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. ఒక నెల తేడాతో రెండూ చేసినదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను. పోదలచిన వాళ్ళకు దారి కూడా తెలుస్తుంది.

మా ఆయన పేరు దస్తగిరి. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పెండ్లికి ముందే ఆయన బొంబాయి పోయి పెద్ద ప్రయాణికుల ఓడలో పనికి కుదిరినాడు. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. నేను అత్త దగ్గర ఉండి కుట్టుమిషను మీద రవికెలు కుట్టేదాన్ని. మాకు అప్పటికి పిల్లల్లేరు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన మిద్దె మీద పడుకొని ఓడ ముచ్చట్లు చెప్పేవాడు. ఓడ పక్కనే ఎగిరే చేపలు, చీకట్లో మెరిసే నీళ్ళు, దీపాల దండ మాదిరి కనపడే రేవులు. వింటూ వింటూ నిద్రపోతే కలలో మా మంచం మెల్లగా కదిలేది.

చానా ఏండ్లు పనిచేసినవాళ్ళు ఒక్కసారి భార్యను తక్కువ టిక్కెట్టుతో ఎక్కించుకోవచ్చునని, ఆ ఏడు నన్ను బొంబాయికి రమ్మని కబురు చేసినాడు. మరిది తోడొచ్చి రేవులో దింపిపోయినాడు. ఆ ఓడలో ఎక్కినవాళ్ళు ఎవరూ పనిమీద పోయేవాళ్ళు కాదు. బొంబాయిలో ఎక్కి, మంగళూరు, కొచ్చిన్ రేవులు చూసి, తిరిగి బొంబాయిలోనే దిగుతారు. ఊరికే సముద్రం మీద ఉండి వచ్చేదానికే వాళ్ళు దుడ్లు పెట్టి వస్తారు.

నిజం చెప్పాలంటే ఓడ చానా బాగుండింది. నాకిచ్చింది కింది అంతస్తులో గుండ్రటి కిటికీ ఉన్న చిన్న గది. పొద్దున నీళ్ళ మీది వెలుతురు ఆ కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద పాకుతుంటే, పడుకొని అట్లే చూస్తా ఉండిపోయేదాన్ని. మూటలు మోసే పని లేదు, దుమ్ము లేదు, ఎవరినీ దారి అడిగే పని లేదు. గంట కొడితే అన్నం. ఊర్లు వాటంతట అవే వచ్చి మన పక్కన నిలబడి, కాసేపటికి మళ్ళీ వెనక్కి పోయేవి. కొబ్బరిచెట్ల గీత ఒకటి రోజంతా కనపడీ కనపడక ఉండేది. నేను కదులుతున్నానో, గట్టు కదులుతోందో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం పై అంతస్తుకు పోయి కటకటాల దగ్గర నిలబడినాను. సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నాడు. ఇది ఆయన పక్కన ఉండి చూపించాల్సిన పొద్దు కదా అనుకుంటుంటే, తెల్ల బట్టలు, తెల్ల చేతితొడుగులు వేసుకొని ఆయనే వచ్చినాడు. చేతిలో పళ్ళెం. కుర్చీల్లో కూర్చున్న ముసలి దొర దొరసానికి వంగి కాఫీ అందించినాడు. లేస్తూ నన్ను చూసినాడు. చూసి, ఎవరో తెలియనట్లు మొకం తిప్పుకొని మెట్లు దిగిపోయినాడు. పనివాళ్ళు పైన ప్రయాణికులతో మాట్లాడకూడదంట. పని ముగించుకొని ఆయన నా గదికి వచ్చేసరికి ఒళ్ళు అలిసిపోయి, కూర్చున్న చోటే కన్ను మూతపడేది. అట్లా ఓడలో ఉన్నన్నాళ్ళూ సముద్రాన్ని నేనొక్కదాన్నే చూసినాను.

సెలవు దొరికి ఇద్దరం రైల్లో ఇంటికి వస్తున్నప్పుడు, ఎట్లుండె అని అడిగినాడు. చానా బాగుండె అన్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నెల సెలవు ఇట్టే కరిగిపోయింది. ఎప్పుడూ హిందూపురంలో రైలెక్కి గుంతకల్లు పోయి, అక్కడ బొంబాయి బండి మారేవాడు. ఈసారి రెండు రోజులు ముందే బయలుదేరదాం, నువ్వూ ధర్మవరం దాకా రా, దారిలో పెనుకొండలో దిగి చూసుకుంటూ పోదాం అన్నాడు. మా అత్త విని, సముద్రం చూసొచ్చినోళ్ళకు పెనుకొండలో ఏం కనపడుతుందప్పా అని నవ్వింది. అయినా తెల్లారకముందే లేచి చిత్రాన్నం కలిపి డబ్బాలో కట్టిచ్చింది.

పొద్దున ఎనిమిదిన్నర బస్సు. ఆయన ఇనప పెట్టెను బస్సు పైకి ఎక్కించి తాడు కట్టించుకొని, కిటికీ సీటు నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలితే ఆయన భుజం నా భుజానికి తగిలింది. ఓడలో ఒక్కసారి కూడా తగలని భుజం అది. చెనక్కాయ పెరికే కాలం. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ఆడోళ్ళు వంగి తీగలు పెరుకుతున్నారు, ఎర్రమన్ను వాసన పచ్చిగా బస్సులోకి వస్తోంది. కన్నడం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు, రెండూ కలిపి బేరమాడేవాళ్ళు. కోళ్ళగంప ఒకటి నా కాళ్ళ దగ్గరికి వచ్చి చేరింది. మంచు పూర్తిగా విడవలేదు. దూరపు గుట్టలు తెల్లటి నీళ్ళలో తేలినట్లుండినాయి.

సోమందేపల్లి దాటినాక చక్రం గాలిపోయింది. డ్రైవరు, కండక్టరు కింద కూర్చొని పని మొదలుపెట్టినారు. మేమంతా దిగి రోడ్డు పక్క చింతచెట్ల నీడలోకి పోయినాము. గోరంట్ల పక్క పల్లెకు చెందిన ఒక రైతుల ఇంటి అవ్వ మా పక్కన కూర్చుంది. పెనుకొండలో కూతుర్ని చూసేదానికి పోతోందంట. చిత్రాన్నం డబ్బా విప్పి ఆమెకూ పెట్టినాను. తింటూ తింటూ మా ఊరు, పేరు అన్నీ అడిగి, ఆయన వైపు తిరిగింది.

"ఏమప్పా, నువ్వు యాడ పనిచేస్తాండావు?"

"ఓడలో అవ్వా. సముద్రం మీద."

"అది యాడికి పోతాది?"

ఆయన కొంచెం తటపటాయించి, "బయలుదేరిన కాడికే మళ్ళీ వస్తాది," అన్నాడు.

"గానుగెద్దు మాదిరా?" అనింది అవ్వ. ఎగతాళి కాదు, అర్థం చేసుకునేదానికే అడిగింది. మరి దాంట్లో నువ్వేం చేస్తావని కూడా అడిగింది.

ఎగిరే చేపల సంగతి చెప్తాడనుకున్నాను. ఆయన చేతిలో చింతాకు తుంచుతూ, "పడకలు సర్దుతా. గదులు ఊడుస్తా. వాళ్ళు లేస్తానే కాఫీ అందిస్తా," అన్నాడు.

కొత్త కోడలి పని అని అవ్వ నవ్వింది. ఆయన కూడా నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. ఓడలో కండ్లారా చూసినా, ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. ఇంటి మిద్దె మీద నాకు చెప్పని మాట, దారిన పోయే అవ్వకు చెప్పినాడు.

పెనుకొండలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బసకు బాబయ్య దర్గా దగ్గర యాత్రికుల వసారాలు ఉంటాయి. ఆడోళ్ళకు ఒక పక్క, మొగోళ్ళకు ఒక పక్క. అన్ని కులాలవాళ్ళూ వచ్చి పడుకుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు. పెట్టె దర్గా చూసుకునే ముజావరుకు అప్పజెప్పి, ఫాతెహా చదివించుకొని, ఎండ తగ్గినాక కొండెక్కినాము. పోయేవాళ్ళు నీళ్ళు తప్పక తీసుకుపోండి, పైన ఏమీ దొరకవు. దారి మొదట బాగానే ఉంటుంది. తరువాత బండలు, ముళ్ళకంప. కూలిన కోటగోడల సందుల్లో సీతాఫలం చెట్లు మొలిచి ఉంటాయి.

సగం కొండకే ఆయనకు ఆయాసం వచ్చింది. ఓడలో ఇన్నేండ్లూ చదునుగా నడిచిన కాళ్ళు. పెద్ద బండ మీద ఇద్దరం కూర్చున్నాము. కింద పెనుకొండ ఇండ్లు, అవి దాటి చేలు, చేలలో వాముల మాదిరి ఎర్రటి కుప్పలు. చానా దూరంలో రైలు ఒకటి పొగ వదులుకుంటూ పోతోంది, చప్పుడు మాత్రం వినపడదు. పొద్దు వాలే వెలుతురులో ఆ పొగ పోకుండా అట్లే చేల మీద నిలబడిపోయింది. అంత ప్రశాంతంలో ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

"ఆ అవ్వకు చెప్పినారు. నాకు ఎప్పుడూ చెప్పలేదే," అన్నాను.

"నీకేం చెప్పేది? నీకు చేపలు, దీపాలు కావాల."

"కావాలని నేనెప్పుడు అడిగినా? మీరు అవి తప్ప వేరే మాట్లాడరు. అందుకని వింటి."

ఆయన మొకం చిన్నబోయింది. ఇన్నేండ్లు ఇష్టం లేకనే వింటివా అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి అసలు మాట ఊడిపడింది. ఓడ మీద నన్ను చూసి మొకం తిప్పుకుంటిరి కదా అన్నాను.

"తిప్పుకోకపోతే పని పోతాది."

"తెలుసు."

"తెలిసీ అంటాండావా?"

"తెలిసే అంటాండా."

పెండ్లయినాక మేము పోట్లాడుకోవడం అదే మొదటిసారి. ఉన్న కాస్త సెలవులో పోట్లాట ఎందుకని ఇద్దరమూ ఎప్పుడూ అన్నీ మింగేవాళ్ళం. ఒకరి వెనక ఒకరు, మాట లేకుండా కొండ దిగినాము. ముజావరు మమ్మల్ని చూసి, కొండెక్కిన మొగుడూ పెండ్లాల్లో సగం మంది ఇట్లనే దిగుతారులే అని, ఇద్దరికీ చెరొక పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టించినాడు. నేను ఆడోళ్ళ వసారాలో ఎవరెవరి పిల్లలో కాళ్ళు నా మీద వేస్తుంటే పడుకున్నాను. ఓడలో పరుపు మీద పట్టని నిద్ర, ఆ బండల మీద పట్టింది.

తెల్లారి మొకం కడుక్కొని వచ్చేసరికి ఆయన వసారా మెట్ల దగ్గర రెండు కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. ఒకటి నా చేతికిచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. ఓడలో కాఫీ ఇచ్చినాక అక్కడ నిలబడకూడదంట, వెంటనే వెనక్కి పోవాలంట. ఆ సంగతి ఆయనే చెప్పినాడు. నేను తాగేదాకా కూర్చున్నాడు. నేను మెల్లగా తాగినాను.

పెనుకొండ స్టేషను ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది. జట్కా మాట్లాడుకోవడం మంచిది. గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. మూడో తరగతి పెట్టె కిటకిటలాడుతోంది. పట్టుమూటలు ఒళ్ళో పెట్టుకున్న ధర్మవరం నేతగాళ్ళు జరిగి, ఇద్దరికీ ఇంత చోటిచ్చినారు. మా ఇనప పెట్టె మీద నేను, పక్కన ఆయన. కిటికీలోంచి బొగ్గునుసి వచ్చి నా కంట్లో పడితే, ఆయన నా కొంగు చివర మెలిపెట్టి తీసినాడు. అందరూ చూస్తున్నారు. ఓడలో నన్ను ఎరగనట్లు పోయిన మనిషి, ఇక్కడ నా రెప్ప పట్టుకొని ఇటు చూడు, అటు చూడు అంటున్నాడు. రైలు ఊగుతోంది. చెనక్కాయ చేలు, తుమ్మచెట్లు, మేకల మంద, మళ్ళీ చేలు. తడికంటితో చూస్తుంటే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్లుండినాయి.

ధర్మవరంలో స్టేషను ఎదురుగా చిన్న బస ఉండింది. శుభ్రంగానే ఉంటుంది, బావినీళ్ళు మాత్రం ఉప్పన. హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని నేతగాళ్ళ వీధిలోకి పోయినాము. ఆ వీధిలో మనుషుల మాటల కంటే మగ్గాల చప్పుడే ఎక్కువ. ఒక ఇంటి ముందు నిలబడి తొంగిచూస్తుంటే, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న నేతగాడు చూసేదానికేముంది, లోపలికి రాండి అని పిలిచినాడు. అతని భార్య ఎదురుగా రాట్నం దగ్గర కూర్చొని పోగు చుడుతోంది. మాకు మంచినీళ్ళిచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. మాగాయ జాడీకి మూత ఎవరు పెట్టలేదని ఇద్దరూ వాదులాడుకుంటున్నారు. మేము వచ్చినా ఆ వాదం ఆగలేదు, చేతులూ ఆగలేదు. ఆమె పోగు చుట్టిన కండె అందిస్తుంది, అతను చూడకుండానే అందుకుంటాడు. మగ్గం మీద కుంకుమరంగు చీర వేలెడు వేలెడు పెరుగుతోంది.

ఇద్దరూ రోజంతా ఇట్లా ఒకే గదిలోనేనా అని మా ఆయన అడిగినాడు.

"ఏం సుఖమప్పా," అన్నాడు నేతగాడు. "పొద్దున లేస్తే దీని మొకమే, పడుకునే ముందరా దీని మొకమే."

ఆమె మూతి తిప్పింది. మామూలుగానైతే అందరం నవ్వాల్సిన మాట. మా ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. చానా సేపు అక్కడే నిలబడినాము.

సాయంత్రం చెరువు కట్ట మీదికి పోయినాము. ఆ ఏడు వానలు బాగా పడినందువల్ల ధర్మవరం చెరువు కనుచూపు మేరా నిండి ఉంది. అవతలి గట్టు ఉందో లేదో తెలియని నీలం. కొంగలు వరసగా నీళ్ళ మీదుగా పోతున్నాయి. ఓడలో చూసిన సాయంత్రాలన్నీ ఆ నీళ్ళలో ఉన్నట్లనిపించింది. ఆయన మాత్రం నీళ్ళకు వీపు పెట్టి, కట్ట కింది వరిమళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. మళ్ళలో ఎవరో గనిమ గట్టు మీద నడిచిపోతుంటే కనుమరుగయ్యేదాకా చూసినాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన రైలు.

"ఈసారి పోవద్దండి," అన్నాను.

ఆయన నా వైపు తిరిగినాడు. "ఇన్నేండ్లలో నువ్వెప్పుడూ అనలేదే."

"మీకు సముద్రమంటే ఇష్టమనుకుంటి."

"నీకిష్టమనుకుంటి నేను," అన్నాడు.

చేప ఒకటి ఎగిరి నీళ్ళలో పడింది. ఇద్దరం వినినాము, ఎవరమూ తిరిగి చూడలేదు. కాసేపటికి ఆయన గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టినాడు. దూది ఏకే పని వాళ్ళ నాయనతోనే పోయిందంట. పొలం లేదు, చదువు లేదు. ఓడలో అయితే ఒంటి మీద తెల్లబట్ట ఉంటుంది, గంట కొడితే ఏం చేయాలో తెలుస్తుంది. ప్రతిసారీ హిందూపురం స్టేషన్లో దిగినప్పుడు సంతోషం కంటే ముందు భయం వేసేదంట. "భూమ్మీద నాకేం వస్తాది ఖాసింబీ? ఈడ నేనెవరని?" అన్నాడు.

ఎగిరే చేపల కథలన్నీ విన్న నాకు, ఈ మాట వినేదానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

పడకలు సర్దేది, కాఫీ ఇచ్చేది ఇక్కడ మాత్రం పని కాదా అన్నాను. బస్టాండు దగ్గర ఇంత చోటు దొరికితే మీరు కాఫీ పెట్టండి, నేను గ్లాసులు కడుగుతా, మధ్యాహ్నం మిషను కుట్టుకుంటా అన్నాను. ఎప్పుడో అనుకున్నది కాదు. ఆ క్షణంలో నోటికొచ్చిందే. ఆయన వరిమళ్ళ వైపు చూస్తూనే, ఎన్ని కుర్చీలు పడతాయో అన్నాడు. తరువాత తల అడ్డంగా ఊపినాడు. ఈ ఏడాదికి సంతకం పెట్టినాడంట. తనకోసం హామీ ఉన్న స్నేహితుడికి మాట వస్తుందంట. ఈ ఒక్కసారి పోయి, వాళ్ళకు చెప్పి వచ్చేస్తానన్నాడు. నేను ఏడవలేదు. చీకటి పడేలోగా లేచి, మగ్గాల చప్పుడు మధ్యలో నడుచుకుంటూ బసకు వచ్చినాము. ఆ వీధిలో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

పొద్దున గుంతకల్లు బండి వేళకే వచ్చింది. ఆయన పెట్టె ఎక్కించి, తలుపు దగ్గర నిలబడి, బండి కదిలినా లోపలికి పోలేదు. ముందర ఎన్నోసార్లు ఆయన్ను సాగనంపినాను. అప్పుడంతా నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. ఆ రోజు చెయ్యి ఊపలేదు, మొకమూ తిప్పుకోలేదు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా నన్నే చూస్తూ పోయినాడు.

నా బండి పది దాటినాక. హిందూపురానికి మధ్యలో మారే పని లేదు. ఒంటరిగా ప్రయాణం చేయడం నాకు కొత్త. కిటికీ దగ్గర చోటిచ్చిన ఒక ఆమె, యాడికి పోతాండావమ్మా, మీ ఆయన ఏం చేస్తాడని అడిగింది. ఓడలో పడకలు సర్దుతాడని చెప్పినాను. ఓహో అని తన ఒడిలోని ఉడకబెట్టిన చెనక్కాయలు నాకింత పోసింది. ఇద్దరం ఒలుచుకుంటూ కూర్చున్నాము. పెనుకొండ వచ్చింది. మేము కూర్చున్న బండ ఎక్కడుందో కింది నుంచి వెతికినాను, దొరకలేదు. కొండంతా ఒకే ఎండలో నిద్రపోతున్నట్లుంది. రైలు పొగ చేల మీదికి పోయింది. పైన ఎవరైనా కూర్చొని ఉంటే వాళ్ళకు ఈ బండి చప్పుడు లేకుండా కనపడుతుంటుంది అనుకున్నాను.

ఆయన మరుసటేడు చెనక్కాయ పెరికే కాలానికి వచ్చేసినాడు. బస్టాండు దగ్గర మా కాఫీ హోటల్లో ఇప్పుడు ఎనిమిది కుర్చీలున్నాయి, రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూనే ఉంటాము. ఆ రోజు రైల్లో కూర్చున్న నాకు అదేమీ తెలియదు. అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఒళ్ళు అలవకుండా, కలగన్నట్లు ఉండాలంటే ఓడెక్కండి, దానికి సాటి లేదు. పక్కనున్న మనిషి ఎవరో తెలుసుకోవాలంటే మాత్రం బస్సెక్కండి. చక్రం గాలిపోయినా విసుక్కోకండి.

ఆ రోజు హిందూపురంలో దిగి ఇంటికి నడిచి వచ్చేసరికి మా అత్త వాకిట్లో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తి, పోయినాడా అని అడిగింది.

వస్తాడు అని చెప్పి, కాళ్ళు కడుక్కొని లోపలికి పోయినాను.